ఇవ్వని సూదిమందు

పడవ లంక రేవు వదిలేసరికి సూదిమందు సిద్ధంగా ఉంది. గూడు పడవ లోపల, తాటాకు కప్పు నీడలో, చాప మీద మాణిక్యం వెల్లకిలా పడుకుని ఉంది, పడవ కుదిపినప్పుడల్లా పళ్ళ సందున గాలి లాగుతోంది, విరిగిన ఆమె తొడకు అటూ ఇటూ కట్టిన చెక్కల మీద దేవకుమారి ఎడమ చెయ్యి ఆనించి ఉంచింది, కుడిచేతిలో సిరంజి, వెలుతురుకేసి ఎత్తి పట్టుకుంటే గాజు గొట్టంలో కాసిని నీళ్ళు, చూడ్డానికి నీళ్ళే, రంగు లేదు, వాసన లేదు, ఇంత నొప్పిని మింగేసేది ఇంత తేటగా ఉంటుందా అని నర్సు పని నేర్చుకోవడానికి వచ్చిన కొత్తలో ఆమెకు ఆశ్చర్యంగా ఉండేది, ఆ ఆశ్చర్యం పోగొట్టుకోకమ్మా అనేవారు పెద్దనర్సు మార్తమ్మగారు, అది పోయిన రోజున మందుల గదిలోకి రావద్దు. పోలేదండీ, ఇంకా పోలేదు. బయట మాణిక్యం మొగుడు జగ్గారావు గడ వేస్తున్నాడు, గడ దిగి అడుగు బురదను తన్నిన ప్రతిసారీ పడవ ఒక్క ఊపు ఊగుతోంది, ఊగినప్పుడల్లా లోపల మూలుగు, ఆ మూలుగుకు అతని చెయ్యి తడబడుతోంది, నెమ్మదిగా వేస్తే దారి సాగదు, గట్టిగా వేస్తే పెళ్ళాం ఓర్చుకోలేదు. ఇచ్చేశారా అండీ అని గూటిలోకి వంగి అడిగాడు. ఇస్తున్నానండి అంది దేవకుమారి.

నిన్న పొద్దుగూకే వేళ గడ్డిపడవ రేవుకు చేరుతుంటే పడవకూ గుంజకూ మధ్య మాణిక్యం కాలు పడిందట, తొడ ఎముక విరిగిందట, వాళ్ళ కొల్లేటి లంకలో ఎముకలు కట్టే వెంకట్రాజు వచ్చి వెదురు బద్దలు వేసి కట్టాడట, ఈ సంగతంతా ఈ ఉదయం ఏలూరు మిషన్ ఆసుపత్రి గుమ్మంలో నిలబడి జగ్గారావు తమ్ముడు చెప్పాడు. డాక్టరు సత్యానందం గారు అప్పటికే ఆపరేషను గదిలో చేతులు కడుక్కుని ఉన్నారు, తడి చేతులు పైకెత్తి పట్టుకునే దేవకుమారికి చెప్పవలసింది చెప్పారు, మన బంట్రోతు వరదానాన్ని తోడు తీసుకెళ్ళు, మోతకు పనికొస్తాడు, కట్టు సరిచూసి చెక్కలు కట్టు, పడవ మీద తీసుకురా, నేను ఈ పని ముగించుకుని బండితో రేవుకు వస్తాను, నొప్పికి మార్ఫియా ఒక్క సూది ఇవ్వు. గుమ్మం దాటబోతూ ఉంటే మళ్ళీ పిలిచారు. "ఇవ్వకూడదనిపిస్తే ఇవ్వకమ్మా. ఎందుకు ఇవ్వలేదో తరవాత నాకు చెబుదువుగాని." ఆ మాట అప్పుడు మామూలు మాటలాగే వినిపించింది. వెంకట్రాజు కట్టు చూసి దేవకుమారికి ముచ్చట వేసింది, బద్దలు ఎక్కడా ఒరుసుకోకుండా మెత్తటి గుడ్డ వేసి, పాదం చల్లబడకుండా బిగువు సరిపెట్టి కట్టాడు, విప్పనేలేదు, దాని మీదనే తన చెక్కలు వేసి కట్టింది. ఏమైనా మందు ఇచ్చారా అని అప్పుడే అడిగింది కూడాను, నిలబడి, బ్యాగులో సామాను సర్దుకుంటూ. లేదండీ అన్నాడు జగ్గారావు. అతని తల్లి మంగాయమ్మ తలెత్తకుండా కోడలి తల కింద గుడ్డ మడత సర్దుతోంది.

స్పిరిటు దీపం మీద నీళ్ళు కాచి, చిన్న బిళ్ళ కరిగించి, సిరంజిలోకి లాగి, గాలిబుడగ పోయేదాకా మునివేలితో తట్టి, సీసా మీద పేరు తీసేటప్పుడు ఒకసారి, వాడేటప్పుడు ఒకసారి, పెట్టేసేటప్పుడు ఒకసారి చదివి, అన్నీ చేసింది, చేతులకు అలవాటైపోయాయి అవి, మందుల గదిలో మార్తమ్మగారు పక్కన నిలబడి చేయించిన అలవాటు, గదిలో పై అరలో మామూలు సీసాలు, కింద తాళం వేసిన అరలో గరుకు గీతల నీలం సీసాలు, విషం సీసాకు గీతలు ఎందుకు పెడతారో తెలుసా అని కళ్ళు మూసుకోమని చేతికిచ్చేవారు, వేలికి తగలాలి అని, కన్ను మోసపోయినా వేలు మోసపోకూడదు. కళ్ళు మూసుకుని ఆ గీతలు తడుముతుంటే తాడేపల్లిగూడెంలో నాన్న, విశ్వాసం మాస్టారు, పలక మీద అక్షరం గట్టిగా రాసి వేలితో దిద్దించిన రోజులు గుర్తొచ్చేవి, అదే గరుకు, అదే భయం. ఒకసారి పై అరలో ఒక సీసా చీటీ తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి, లోపలున్నది వాము నీళ్ళని గది మొత్తానికి తెలుసు, వాసనే చెబుతుంది, అయినా మార్తమ్మగారు దాన్ని తీసుకెళ్ళి తూములో ఒంపేశారు, అయ్యో వాము నీళ్ళే కదండీ అంటే, నీకు తెలుసు, నాకు తెలుసు, రేపు కొత్తగా వచ్చే పిల్లకు తెలుసా అన్నారు, విసుగు లేదు ఆ గొంతులో, సీసా కడిగి బోర్లించి చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ అన్నారు. ఇక్కడ పడవలో చెయ్యి చాపి మాణిక్యం రవిక చెయ్యి పైకి మడిచింది దేవకుమారి. మీ పేరేంటమ్మా అని అడిగింది. పేరు తెలియక కాదు, వార్డులో ఒకసారి ఇద్దరు సువర్ణలు పక్కపక్క మంచాల మీద ఉన్నారు, మార్తమ్మగారు రోజూ ఇద్దరినీ పేరూ ఊరూ అడిగి గాని మందు గ్లాసు చేతికివ్వలేదు, మూడోనాటికి ఆ సువర్ణలే నవ్వుతూ అడక్కుండా చెప్పేవారు, నేను గణపవరం సువర్ణనండీ, నేను పెదవేగి సువర్ణనండీ. మాణిక్యం, అంది పడుకున్న మనిషి. కాస్త ఆలస్యంగా అంది.

ఆ ఆలస్యానికే దేవకుమారి చెయ్యి ఆగింది. గుచ్చే చోటు తరవాత చూడు, ముందు మొహం చూడు, ఇది కూడా మార్తమ్మగారి మాటే, మొహం చూసింది, నుదుటి మీద చెమట, ఎండిన పెదవులు, నొప్పి మనిషి మొహమే, కాని కనురెప్పలు బరువుగా దిగుతున్నాయి, రాత్రంతా నిద్ర లేదు కాబోలు, ఇంత నొప్పిలో నిద్ర ఎలా పడుతుంది పాపం, వేలితో రెప్ప పైకెత్తింది, కనుపాప మధ్య నల్లచుక్క ఆవగింజంత ఉంది. రెండో కన్ను చూసింది. అదీ అంతే. గూటి కింద నీడ, బయట నీళ్ళ మీద ఎండ తళతళలాడుతున్నా ఇక్కడ పుస్తకం చదవలేనంత మసక, నీడలో ఆ చుక్క విచ్చుకోవాలి, నొప్పిలో ఇంకా విచ్చుకోవాలి, ఇది ముడుచుకుపోయింది, ఎందుకు ముడుచుకుంది. మార్ఫియా ఇచ్చాక ఇలా ఉంటుంది. నేనింకా ఇవ్వలేదే. నేనింకా ఇవ్వలేదు కదా, సూది నా చేతిలోనే ఉంది, మందు నిండుగా ఉంది, ఒక్క క్షణం తన చేతి మీద తనకే నమ్మకం పోయి సిరంజి మళ్ళీ వెలుతురులోకి ఎత్తి చూసుకుంది, గీత దాకా ఉంది. అయితే మరొకటేదో లోపల ఉంది. సిరంజిని ఎనామిల్ పళ్ళెంలో పెట్టి, మీద తడిగుడ్డ కప్పింది. రవిక చెయ్యి కిందికి దించింది.

"ఏమైందండీ, ఇవ్వలేదేం?" అన్నాడు జగ్గారావు.

ఇప్పుడొద్దండి, కాస్త చూద్దాం అంది. అతనికి అర్థం కాలేదు, ఎందుకు అర్థమవుతుంది, ఏలూరు నుంచి నర్సమ్మగారు సూదిమందు తెచ్చిందంటే ఈ నరకం తీరుతుందని రాత్రంతా రేవులో కూర్చున్న మనిషి, అతను గడ ఆపేశాడు, పడవ తనంతట తాను కిక్కిస గడ్డి పొద వైపు వాలుతోంది, ముందు గడ వేస్తున్న వరదానం వెనక్కి తిరిగి చూశాడు. డబ్బు తక్కువైందా అన్నాడు జగ్గారావు, మాది కొల్లేటి లంక అనా, మీ మతం కాదనా, ఏమిటండీ, మనిషి చచ్చేట్టు మూలుగుతుంటే మందు చేత పట్టుకుని ఇవ్వరా. ఒక్కో మాటా వచ్చి తగులుతుంటే దేవకుమారి తలొంచుకుని మాణిక్యం నాడి పట్టుకుని కూర్చుంది, చెప్పాలని ఉంది, మీలాగే నాకూ ఇవ్వాలనే ఉందండీ, మూలుగు వింటూ ఊరుకోవడం నాకు మాత్రం ఇష్టమా అని, కాని ఇంత కోపంలో ఉన్న మగవాడు ఇరవై రెండేళ్ళ పిల్ల మాట వింటాడా. ఇవ్వకపోవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు నాకు. ఇవ్వడం చెప్పారు, ఎలా లాగాలో, ఎంత లోతు గుచ్చాలో, దూదితో ఎలా అదమాలో, పరీక్షలో అడిగారు, చెప్పాను, మెచ్చుకున్నారు. చేతిలో ఉన్న మందును కిందపెట్టి, ఎదుటి మనిషి నొప్పిని, పక్కన మనిషి కోపాన్ని ఒంటి మీద వేసుకుని కూర్చోవడం ఎలాగో మార్తమ్మగారిని చూసి నేర్చుకోవలసిందే, నేర్చుకున్నానా, లేక భయపడి ఆగానా, ఒకవేళ ఈ కనుపాపలు ఈవిడకు పుట్టుకతోనే ఇంతేమో, నేను అనవసరంగా ఈ మనిషిని హింస పెడుతున్నానేమో, మార్తమ్మగారైతే ఈపాటికి ఏం చేసేవారు.

ఏం చేసేవారు. ఒకసారి ఆసుపత్రికి దెందులూరు నుంచి ఒక ముసలాయన వచ్చాడు, గుండెజబ్బు, డాక్టరుగారు ఇచ్చిన చుక్కల మందుకు మొదట బాగా తేరుకున్నాడు, తరవాత వాంతులు పట్టుకున్నాయి, కళ్ళకు అన్నీ పచ్చగా కనిపిస్తున్నాయన్నాడు, నాడి మందగించింది, చుక్కలు తగ్గించారు, అయినా తగ్గలేదు. వేరే మందేమైనా వాడుతున్నారా అని డాక్టరుగారు అడిగారు, లేదన్నారు, నేనడిగాను, లేదన్నారు. మార్తమ్మగారు ఆ ముసలాయన భార్య పక్కన వరండా గచ్చు మీద చతికిలబడ్డారు, అంత పెద్ద నర్సు, తెల్లచీర మాసిపోతుందని కూడా చూసుకోకుండా, వక్కాకు అందుకున్నారు, మీ ఊళ్ళో వానలెలా ఉన్నాయన్నారు, ఆయనకు పత్యం ఏం పెడుతున్నారన్నారు, ఇంతకుముందు ఈ ఆయాసం వస్తే ఏం ఇచ్చేవారండీ, ఎవరిచ్చేవారు, బాగా పనిచేసేదా, అన్నారు. ఇచ్చారా అనలేదు. ఏం ఇచ్చేవారు అన్నారు. ఆ పెద్దావిడ పెట్టెలోంచి మరో సీసా తీసి చేతిలో పెట్టింది, పట్నంలో మరో డాక్టరు ఇచ్చినది, అదే చుక్కల మందు, పేరు వేరు, రెండూ మంచివే కదా అని రెండూ పోస్తోంది, మొగుడు తొందరగా లేవాలని. ఇన్ని నాళ్ళు దాచిందని ఎవరైనా గొంతెత్తేవారే. మార్తమ్మగారు ఆ సీసా అందుకుని, మీరు చూపించి మంచి పని చేశారండీ అన్నారు, అంతే, తరవాత మాతో అన్నారు, ఇచ్చారా అని అడిగితే అది తప్పు పట్టడంలా వినిపిస్తుందమ్మా, ప్రేమతో చేసిన పనిని తప్పంటే ఎవరైనా దాచుకుంటారు.

నేను ఇచ్చారా అన్నాను. నిలబడి అన్నాను. సామాను సర్దుకుంటూ, మొహం కూడా చూడకుండా అన్నాను.

దేవకుమారి మోకాళ్ళ మీద జరిగి, మాణిక్యం తల దగ్గర కూర్చున్న మంగాయమ్మ పక్కకు చేరింది. పడవ అంచు మీదుగా నీళ్ళు చిందుతున్నాయి, చీర తడిసింది, తడవనీ. మంగాయమ్మ చేతులు కోడలి జుట్టులో ఉన్నాయి, చిక్కులు తీస్తున్నట్టు వేళ్ళు ఆడుతున్నాయి గాని చిక్కులు లేవు, ఎప్పుడో తీసేసింది, ఆ వేళ్ళ వైపు చూసింది దేవకుమారి, కోడలిని ఇలా నిమిరే అత్తగారు ఊరికే కూర్చుని ఉండదు, ఏదో ఒకటి చేసే ఉంటుంది. రాత్రంతా మీరు కూడా పడుకుని ఉండరు కదండీ పెద్దమ్మగారూ అంది. మంగాయమ్మ తలూపింది. ఎలా పడుకుంటానమ్మా, చెట్టంత పిల్ల చేపపిల్లలా కొట్టుకుంటుంటే. లంకలో ఇలాంటి నొప్పి వస్తే పెద్దవాళ్ళు ఏం ఇచ్చేవారండీ, అని అడిగింది దేవకుమారి, మెల్లిగా, నీళ్ళ చప్పుడులో కలిసిపోయేలా. డాక్టరు ఊళ్ళో లేడు, దారి నీళ్ళు, ఏదో ఒకటి ఇచ్చే బతికించుకుని ఉంటారు కదా ఇన్నాళ్ళూ.

మంగాయమ్మ వేళ్ళు ఆగాయి. కొడుకు వైపు చూసింది, కొడుకు ఎండలో నిలబడి ఉన్నాడు, మొహం కనిపించడం లేదు, గడ పట్టుకున్న చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. ఆసుపత్రిలో నాటు మందు వేసిన మనిషిని చేర్చుకోరటమ్మా అంది, మా ఊళ్ళో అందరూ అంటారు. ఎవరన్నారో గాని చేర్చుకుంటామండీ, అంది దేవకుమారి, ఏం వేశారో తెలిస్తే ఇంకా బాగా చూసుకుంటాం. గుర్రపుడెక్క ఆకులు పడవ అడుగున రాసుకున్న చప్పుడు. గూడబాతుల గుంపు ఒకటి ఎక్కడో లేచింది, రెక్కల గాలి నీళ్ళ మీద సాగింది. మంగాయమ్మ అంతా వినేలా, కొడుకు కూడా వినేలా, గొంతు తగ్గించకుండా చెప్పింది.

"నల్లమందు పెట్టానమ్మా. మీ పడవ రేవుకు వస్తుంటే, ఎత్తి పడుకోబెట్టేటప్పుడు ఓర్చుకోలేదని, కందిగింజంత ఉండ బెల్లంలో పెట్టి మింగించాను. నేనే. దానికి తెలీదు ఏం మింగిందో."

ఆ ముసలిమనిషి ముఖంలోకి చూసింది దేవకుమారి. ఎంత ధైర్యం ఈవిడది. కొడుకు ఇంత కోపంగా నిలబడి ఉంటే, రేపు ఈ పిల్లకు ఏమైనా అయితే అందరూ తన వైపే వేలు చూపిస్తారని తెలిసి కూడా, నేనే అంది, ఎవరో ఇచ్చారనలేదు, ఏమో అనలేదు, నేనైతే అనగలనా, పరీక్షలో తప్పు రాస్తే నాన్నకు చెప్పడానికే వారం పట్టింది నాకు. ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది, చెప్పి మంచి పని చేశారండీ, ఇప్పుడు నాకు దారి తెలిసింది అంది. మార్తమ్మగారి మాటలే. నోట్లోంచి వాటంతట అవే వచ్చాయి, అరువు తెచ్చుకున్నట్టు లేవు, ఎప్పుడు నావయ్యాయో.

జగ్గారావు గడ పడవలో పెట్టేసి గూటి ముందు గొంతుక్కూర్చున్నాడు. పెళ్ళాం పాదం వైపు చూస్తూ, వెంకట్రాజు పొద్దున మళ్ళీ వచ్చాడండీ అన్నాడు, దేవకుమారికి కాదు, ఆ పాదానికి చెబుతున్నట్టు. కట్టు చూసి వెళుతూ ఒక నల్లమందు ఉండ ఇచ్చాడు, ప్రయాణంలో ఓర్చుకోవాలి కదా అని. శనగగింజంత ఉంటుంది. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు నేనే వేశాను. మీరు అడిగితే లేదన్నాను. మంగాయమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. రెండా, అంది. ఒకే ఇంట్లో, ఒకే మనిషికి, ఒకే నొప్పికి, ఒకరికి తెలియకుండా ఒకరు, దెందులూరు పెద్దావిడ సీసాల్లాగే, ప్రేమ రెండు చేతులతో పెట్టింది, ఆ రెండింటి మీద మూడోది నేను పెట్టబోయాను, ఇవి కడుపులో మెల్లిగా కరిగేవి, అది నెత్తురులోకి చప్పున దిగేది, పళ్ళెంలో తడిగుడ్డ కింద అది ఉంది, చూడాలనిపించలేదు దేవకుమారికి. జగ్గారావుగారూ, ఇప్పుడు గడ వెయ్యండి, ఎంత గట్టిగా వేస్తారో వెయ్యండి, కుదుపుకు భయపడకండి అంది.

అదీ విచిత్రం. ఇందాకటి దాకా తియ్యాలనుకున్న ఆ నొప్పే ఇప్పుడు ఈ మనిషిని పట్టి ఉంచే తాడు. నల్లమందు ఆమెను లోపలికి లాగుతోంది, మత్తులోకి, మత్తు వెనకాల ఊపిరి మరిచిపోయే చోటికి, గడ తన్నినప్పుడల్లా తొడలో మెరుపు మెరిసి మళ్ళీ పైకి లాగుతోంది, పడవ ఊగుతుంది, మాణిక్యం మూలుగుతుంది, మూలిగిందంటే ఊపిరి తీసుకుంది, దేవకుమారి రొమ్ము మీద చీరకు పిన్నుతో గుచ్చుకున్న గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెడుతోంది, పైకి, కిందికి, ఆగి, ఆగి, పైకి. తడిగుడ్డ పిండి ముఖం మీద వేసింది. మాణిక్యంగారూ, మీ పుట్టిల్లేదండీ. గణపవరం, అంది రెప్పలు తెరవకుండా. గణపవరంలో ఎక్కడ. కాలవ... కాలవ గట్టున. కాలవ గట్టున ఏముందండీ మీ ఇంటి ముందు. జవాబు లేదు. మంగాయమ్మ వంగి కోడలి చెంప తట్టింది, దాని చెల్లెలి పేరు అడగండమ్మా, దానికి చెల్లెలంటే ప్రాణం అంది. చెల్లెలి పేరేంటండీ. రాజకుమారి, అన్న పేరు మాణిక్యం పెదవుల మీద ఆలస్యంగా, నీటి అడుగునుంచి తేలినట్టు తేలింది. ఆ పేరు పట్టుకుని ఇద్దరాడవాళ్ళు, ఇందాకటి దాకా ఒకరినొకరు ఎరగనివాళ్ళు, మాణిక్యాన్ని చెరో పక్కనుంచీ మెలకువలోకి లాగుతున్నారు, రాజకుమారి ఏం చదువుతోంది, రాజకుమారికి ఏ రంగు ఇష్టం, రాజకుమారి నిన్ను ఏమని పిలుస్తుందే, అక్కా అనా, అప్పా అనా.

కొల్లేరు ఎంత పెద్దది. పొద్దున వచ్చేటప్పుడు ఇంత లేదు. నీళ్ళు ఆకాశానికి ఆనుకున్న చోట ఒక గీత, ఆ గీత మీద తాటిచెట్లు, ఆ తాటిచెట్ల కింద రేవు, చెట్లు పెద్దవి కావడం లేదు, జగ్గారావు చొక్కా ఒంటికి అంటుకుపోయింది, వరదానం ముందు నిలబడి ఏదో కీర్తన సగం గొంతుతో లాగుతూ గడ వేస్తున్నాడు, ఆ లయకు జగ్గారావు గడ కలిసింది, ఇద్దరూ ఒకే ఊపున వేస్తున్నారు, ఎవరి దేవుడో ఎవరి కీర్తనో. లోపల ఊపిరి ఒకసారి ఆగింది. దేవకుమారి చూపు గడియారం ముల్లు మీద ఉంది, ముల్లు కదులుతోంది, ఊపిరి కదలడం లేదు, పడవా, నీళ్ళూ, ఎండా అన్నీ ఆగిపోయినట్టున్నాయి, మార్తమ్మగారూ, ఊపిరి ఆగిన మనిషి చేతులు పైకి లాగి తల వెనక్కి తెచ్చి మళ్ళీ పక్కటెముకల మీద అదమడం మాకు నేర్పేటప్పుడు దిండు మీద నేర్పారు, దిండుకు ప్రాణం ఉండదు, భయం ఉండదు, మాణిక్యం రెండు చేతులూ పట్టుకుంది, పైకి లాగింది, అదిమింది, లాగింది, అదిమింది, మంగాయమ్మ కోడలి చెవిలో పిలుస్తోంది, ఒసే మాణిక్యం, ఒసే నా తల్లీ, అత్తాకోడళ్ళ మధ్య ఇలాంటి పిలుపు ఉంటుందని దేవకుమారికి తెలియదు, లాగింది, అదిమింది. ముక్కులోంచి ఒక సన్నని చప్పుడు. తరవాత పెద్ద ఊపిరి, నిట్టూర్పులాగా. తరవాత ఇంకొకటి. దేవకుమారి ఆపలేదు, ఆ లయను ఇంకొంతసేపు సాగించింది, మాణిక్యం ఒంటికి అది మళ్ళీ అలవాటయ్యేదాకా.

రేవులో బండి ఉంది. తెల్లచీర ఒకటి గట్టు మీదినుంచి నీళ్ళలోకే దిగి వస్తోంది, మోకాళ్ళ లోతు నీళ్ళలో, మార్తమ్మగారు, వెనకాల పంచె ఎగగట్టుకుని డాక్టరుగారు. పడవ ఆగకముందే దేవకుమారి చెప్పేసింది, నల్లమందు, రెండు ఉండలు, ఎంతెంత, ఎప్పుడెప్పుడు, ఊపిరి ఒకసారి ఆగింది, నేను సూది ఇవ్వలేదు, అన్నీ ఒక్క గుక్కలో. డాక్టరుగారు ఆమె మాట పూర్తయ్యేదాకా విని, పళ్ళెం అందుకుని, సిరంజిలో ఉన్న మందు అందరి ముందూ ఇసుకలో ఒంపించి, పడవలోకి ఎక్కారు. గొట్టం వేసి కడుపు కడిగారు, విషం విరిచే గులాబీరంగు మందునీళ్ళు పోసి తీశారు, మళ్ళీ పోసి తీశారు, ఊపిరి నిలబెట్టే వేరే సూది ఒకటి ఇచ్చారు, రేవు దుకాణంలో కాచిన చిక్కటి కాఫీ చెంచాతో నోట్లో వేశారు. ఈ పనంతా జరుగుతుండగా మార్తమ్మగారు ఒక్కసారి దేవకుమారి చేతిలోంచి తడిగుడ్డ తీసుకుంటూ ఆ చేతిని అలాగే ఒక నిమిషం పట్టుకున్నారు. ఆ పట్టు చాలు అనిపించింది. అప్పుడు గాని దేవకుమారి పడవ బల్ల మీద కూర్చోలేదు.

స్ట్రెచరు మీదకు ఎత్తేటప్పుడు తొడ కదిలి మాణిక్యం పెద్దగా అరిచింది. గట్టు మీదివాళ్ళంతా మొహాలు తిప్పుకున్నారు. జగ్గారావు ఒక్కడే ఆ అరుపు విని నీళ్ళలో నిలబడి తలపాగా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి, ఇందాక ఏ అరుపు వినలేకపోయాడో అదే అరుపు. మంగాయమ్మ పడవలోనే ఉండిపోయింది, దిగడానికి ఎవరి ముఖం చూడాలో తెలియనట్టు. మార్తమ్మగారు మళ్ళీ నీళ్ళలోకి వచ్చి చెయ్యి అందించారు.

"మీరు నా పక్కన కూర్చోండి. మీరు చెప్పబట్టి పిల్ల మనకు దక్కింది. దారిలో ఇంకేమైనా గుర్తొస్తే చెబుదురుగాని."

కొడుకు వింటూ ఉండగానే అన్నారు ఆ మాట, కావాలనే. మంగాయమ్మ ఆ చెయ్యి పట్టుకుని దిగింది. బండి ఏలూరు దారి పట్టింది, డాక్టరుగారు వెనక నడుస్తున్నారు, దేవకుమారి మాణిక్యం తల దగ్గర కూర్చుంది, పడుకోనివ్వకూడదు, ఇంకా చాలాసేపు పడుకోనివ్వకూడదు, రాజకుమారి మాటలన్నీ అయిపోయాయి, ఏం అడగాలో తోచక చెంప మీద తడివేళ్ళు చిలకరించింది. మాణిక్యం కళ్ళు తెరిచింది. ఈసారి పూర్తిగా తెరిచింది, తనను ఇంతసేపూ నిద్ర పోనివ్వని మనిషి ఎవరో మొదటిసారి చూసినట్టు చూసి, నీ ఇల్లు బంగారంగానూ, ఏం పోయేకాలమే నీకు, మనిషిని కాసేపు పడుకోనివ్వవు, అంది, ముద్దముద్దగానే గాని ఒక్క మాటా వదలకుండా. మంగాయమ్మ అయ్యో నర్సమ్మగారే అని కోడలి నోరు మూయబోయింది. దేవకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, మంగాయమ్మ చెయ్యి పక్కకు తీసేసి కిందికి వంగింది.

"ఇంకా తిట్టండి మాణిక్యంగారూ. ఏలూరు దాకా తిట్టండి."